కెప్టెన్ పెళ్ళాం గౌను

ఏప్రిల్ 24, 1984. మంగళవారం

ఈ డైరీ మా చెల్లి ప్రేమలీలది. పోర్టులో సరుకు విడిపించే కంపెనీలో అది టైపిస్టు. కొత్త సంవత్సరానికి ఆఫీసులో ఇచ్చారు. జనవరిలో నాలుగు పేజీలు ఇంగ్లీషులో రాసి మానేసింది. ఫిబ్రవరిలో ఆపరేషనయింది. ఎడమ రొమ్ము తీసేశారు. పెళ్లి చేసుకోని మనిషి, అద్దె గదిలో ఒక్కతీ ఏం పడుకుంటుందని మల్కాపురం మా ఇంటికి తెచ్చేసుకున్నాను. "నువ్వు రాసుకోవే అక్కా. రాసినంతసేపైనా నీ నోరు మూతపడుద్ది" అని నా ఒళ్లో పడేసింది.

ఎనిమిదో తరగతితో ఆగిన చెయ్యి. తప్పులుంటే చదివేవాళ్ళదే తప్పు. చదివేవాళ్ళు లేరు కాబట్టి తప్పులూ లేవు.

ఈరోజు గుడిలో పాత పీఠం గుడ్డలు కాల్చే రోజు. మా గుడి బల్ల మీద పరిచే బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే పని పెళ్ళయిన దగ్గర్నుంచీ నాదే. ఈస్టరుకి కొత్తవి పరుస్తారు. చిరుగు పట్టినవాటిని ఆ తరవాత మంగళవారం గుడి వెనక కాల్చేస్తాం. దేవుడి బల్ల మీద పరిచిన బట్టని ఇంకో పనికి వాడకూడదు. కాల్చాలి, లేకపోతే భూమిలో పాతెయ్యాలి. జోజి ఫాదర్‌గారు రెండు పొడుగాటి గుడ్డలు నా చేతిలో పెట్టి "కాల్చేసి రా ఆరోగ్యమ్మా" అని లోపలికి వెళ్ళిపోయారు.

కాల్చాను. మా ఆయన పాత పంచెలు. పొగ ఎవరి గుడ్డదైనా ఒకటే.

పీఠం గుడ్డలు బియ్యం డబ్బాలో ఉన్నాయి.


ఏప్రిల్ 25

సరదాకి తేలేదు. సరదాకి నేను చాలా చేశాను. మా ఆయన దేవకుమార్ ముక్కుపొడుంలో మిరియాల పొడి కలిపాను. కీర్తనలు పాడే గుంపులో అందరికంటే గట్టిగా అరిచే ఆవిడ కూర్చునే కుర్చీలో పండు చింతకాయ పెట్టాను. ఇది అలాంటిది కాదు.

పెద్దాసుపత్రిలో ప్రేమలీలకి రొమ్ము తీసినచోట మిషనుతో కరెంటు పెడుతున్నారు. మెడ దగ్గర్నుంచి చంక దాకా తోలు నిప్పుల మీద కాల్చిన వంకాయలా ఊడి వస్తోంది. ఏ బట్టా పడటం లేదు. నైలాను చీర ఒంటికి అతుక్కుని ఉడికిస్తుంది. వాయిలు చెమటకి తడిసి తాడయిపోతుంది. మల్లుగుడ్డ మెత్తనిదే, కానీ పుండు మీద అంటుకుని తీసేటప్పుడు పుండునీ తీసుకొస్తుంది. అది తీసే రోజున ఇంట్లో ఎవరూ మాట్లాడం. ఆసుపత్రి నర్సమ్మ వదులుగా, అంటుకోని బట్ట వెయ్యమంది. అంటుకోని బట్ట ఏదో ఆవిడకీ తెలీదు.

బయట ఎండ. సముద్రం నుంచి గాలి రావాలి. రిఫైనరీ వాసన వస్తుంది.

ఈస్టరు ముందు పీఠం గుడ్డ ఉతికి తెచ్చి, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా దీని మంచం మీద పెట్టాను. నిద్రలో దానిమీద పుండు చెయ్యి వేసుకుని పడుకుంది. ఆ వారంలో మూలగకుండా నిద్రపోవడం అదే మొదలు. తీసి చూస్తే గుడ్డకి ఏమీ అంటలేదు.

అసలు సిసలు నార బట్ట. లినెన్ అంటుంది మా చెల్లి. వెనకటి దొర ఫాదర్లు ఫ్రాన్సు నుంచి తెప్పించారట. ఎన్నేళ్ళు ఉతికానో, పాల మీగడలాగా అయింది.

దేవుడికి చలువ ఎందుకు? ఆయన మీద కరెంటు పెట్టారా?


ఏప్రిల్ 26

దానికి నిజం చెబితే వేసుకోదు. పూజకి ముందు మంచినీళ్ళు కూడా తాగని మనిషి.

చేపలమ్మే నూకాలుని గుమ్మంలో కూర్చోబెట్టాను. నూకాలు మొగుడు ఎల్లాజీ తెప్ప వేసుకుని బయట లంగరేసిన షిప్పుల దగ్గరకెళ్ళి చేపలిచ్చి సబ్బులు, బిస్కట్లు తెస్తాడు.

"ఇనుకో. గ్రీకు షిప్పు కెప్టెన్ పెళ్ళాం ఎల్లాజీకి పాత దుప్పట్లు ఇచ్చింది. అవి నువ్వు నాకు ఇచ్చావు."

"ఒలమ్మా, నాను అబద్ధం ఆడనమ్మా. గంగమ్మతల్లి ఊరుకోదు. మొగుడు నీళ్ళ మీద తిరిగేటోడు."

"నిన్ను ఆడమన్నానా? నాను ఆడతాను. నువ్వు తలూపు."

"తలూపితే అబద్ధం కాదేటి?"

"గంప నెత్తిన ఎట్టుకుని ఊపు. గంప బరువుకి ఊగిందనుకుంటాది గంగమ్మ."

నూకాలు నవ్వింది. లోపలికి తొంగి మంచం వైపు చూసింది. ఆ తరవాత నవ్వలేదు. గంప నెత్తిన పెట్టుకుని ఇంట్లోకొచ్చి, నేను చెప్పినంతసేపూ తలూపింది.


ఏప్రిల్ 27

గుడ్డ చూడగానే మంచం మీద దొరసానిలా లేచి కూర్చుంది. ఈ ఊళ్ళో అందరూ చీరలు కట్టిన రోజుల్లోనే అది గౌను వేసుకుని పోర్టు బస్సెక్కింది. మల్కాపురం మొత్తం నోరు నొక్కుకుంది. నేను వెనకాల దాని నడక నడిచి పిల్లల్ని నవ్వించేదాన్ని.

"ఎండాకాలం గౌనుకి నడుం ఉండకూడదే అక్కా. గాలి కిందనించి దూరి మెడకాడ బయటికి పోవాలి."

"ఇల్లు కడతన్నామా, గౌను కుడతన్నామా?"

"చేతులొద్దు. మెడ వెడల్పు. ముందు బొత్తాలు, పెద్దవి. తలమీంచి వేసుకోలేను. రంగు వెయ్యకు, గంజి అసలే పెట్టకు. జేబు కావాలి."

"జేబెందుకే, ఆస్తి దాచుకోడానికా?"

"జేబు లేని గౌను వేసుకుంటే నైటీ వేసుకున్నట్టుంటాది. నైటీ రోగిష్టివాళ్ళు ఏసుకుంటారు."

గుడ్డ మధ్యలో ఎర్రదారంతో కుట్టిన చిన్న సిలువ ఉంది. బాత్రూంలో కూర్చుని సూదితో ఆ దారం లాగేశాను. దారం పోయింది గాని దాని కింద బట్ట ఎండ చూడక వేరే రంగులో ఉంది. సిలువ సిలువలాగే కనిపిస్తోంది. కింది అంచు మడతలోకి వచ్చేలా కత్తిరించాను.

దారం పారెయ్యడానికి చెయ్యి రాలేదు. మిషను సొరుగులో వేశాను.


ఏప్రిల్ 29, ఆదివారం

వేసుకుంది. మా ఆయన ఆదివారం అన్నం తిని పడుకోబోతూ చూసి "ఒసే, మీ చెల్లి ఫారిన్ మనిషైపోనాదే" అన్నాడు. వెంటనే "నా పంచెలు కనపడటం నేదు" అన్నాడు.

"గాలికి ఎగిరిపోయుంటాయి."

"రెండూనా?"

"జంటగా ఎగిరాయి."

ప్రేమలీల నవ్వింది. నవ్వితే పుండు లాగి కళ్ళ నీళ్లొచ్చాయి. అయినా నవ్వింది.

గౌను అప్పుడే అంతా ముడతలు పడిపోయింది. ఇస్త్రీ చేస్తానన్నాను. "నలగనీ. నలిగితేనే నార" అంది.


మే 2

రెండో గౌను కూడా కుట్టేశాను. ఒకటి ఒంటిమీద, ఒకటి దండెం మీద.

రోజూ పొద్దున్న తొడిగే ముందు జేబులో ఏదో ఒకటి పెడుతున్నాను. చింతగింజ, బొగ్గు ముక్క, మా ఆయన విరిగిన దువ్వెన. అది మధ్యాహ్నం జేబులో చెయ్యి పెట్టి తీసి, ముఖం చిట్లించి "రాక్షసీ" అంటుంది. దానికోసమే చేస్తున్నాను.

పీఠం బట్టలు ఉతికితే మొదటి నీళ్ళు కాలవలో పొయ్యకూడదు, మొక్క మొదట్లో పొయ్యాలి. గౌనులు ఉతికినా అలాగే పోస్తున్నాను. వాకిట్లో గన్నేరుకి. ఎవరూ చూడటం లేదు. అయినా పోస్తున్నాను. దొంగకి కూడా పద్ధతి ఉండాలి.


మే 6, ఆదివారం

రిక్షా దిగి ముందు డైరీయే తీశాను.

పొద్దున్నే లేచి "పూజకి ఎల్దాం" అంది. రిక్షాలో కూర్చోలేవన్నాను. కూర్చుంటానంది. గౌను మీద చీర చుట్టుకోమన్నాను. ఎందుకంది. ఎందుకో నేను ఎలా చెప్పను.

పీఠం గుడ్డని తొడుక్కుని పీఠం ముందుకే నడిచింది. చెప్పినా ఆగే రకమా. జనం జరిగి దారి ఇచ్చారు. సత్ప్రసాదం కోసం మోకాళ్ళ మీద కూర్చోలేక నిలబడే నోరు తెరిచింది. ఫాదర్ చెయ్యి ఆగింది. గౌను భుజం వైపు చూశారు. అక్కడ పాత రఫూ ఒకటుంది, అంత సన్నని దారం ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఆ తరవాత నా వైపు చూశారు. ఆ తరవాత ప్రసాదం పెట్టారు.

రిక్షాలో అది హాయిగా కళ్ళు మూసుకుంది. "చల్లగా ఉందే అక్కా" అంది.

ఫాదర్ చూడలేదు. కళ్ళద్దాలు మార్చాలని ఆయనే అంటుంటారు. చూడలేదు.


మే 7

చూశారు.


మే 12

పుండు ఎండుతోంది. అరుగు మీద గంట కూర్చుంది. నూకాలుతో బేరమాడి వంజరం ముక్కలు తీయించింది. రెండు ముద్దలు తిన్నది. జూన్లో ఆఫీసుకి వెళుతుంది. ఆఫీసుకి తెల్లది బాగోదు, నీలిమందు ముంచి మూడోది కుట్టాలి. గుడ్డ కొంచెం మిగిలింది, ముక్కలు కలపాలి. కాలరు పెట్టమంటుంది, నాకు తెలుసు.

దేవుడు పట్టించుకోలేదు. ఆయనకి గుడ్డలకి కొదవా.


మే 16

దగ్గు.

గౌను భుజం మీంచి జారిపోతోంది. నార బట్ట ఉతికేకొద్దీ సాగుతుంది. రెండు పక్కలా కుట్టు లోపలికి వేశాను.


మే 19

మళ్ళీ సాగింది. మళ్ళీ వేశాను. ఇంత సాగే బట్టని ఎక్కడా చూడలేదు.


మే 20, ఆదివారం

పాపసంకీర్తనం చెప్పుకుందామని వెళ్ళాను. చెప్పేస్తే ఆగుతుందేమో. దగ్గు ఆగుతుందేమో. మధ్యలో చెక్క జాలీ, అటు ఫాదర్.

"చెప్పు ఆరోగ్యమ్మా."

"మా ఆయన ముక్కుపొడుంలో మిరియాల పొడి కలిపాను ఫాదర్."

"అది పోయినసారి చెప్పావు."

"ఈసారి ఎక్కువ కలిపాను."

ఆయన జాలీకి దగ్గరగా జరిగారు. "ఇంకేమైనా ఉందా?" అన్నారు. చాలా మెల్లగా అడిగారు. లేదన్నాను. ప్రార్థనలు చెప్పుకోమని పంపేశారు.

ఊరందర్నీ ఏడిపించిన నోరు ఒక్క మాట అనలేకపోయింది.


మే 23

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పెద్ద డాక్టరు మా ఆయన్ని పక్కకి పిలిచి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. నాకు ఇంగ్లీషు రాదు. మా ఆయనకీ రాదు. బస్టాపు దగ్గర మా ఆయన అరటిపళ్ళ బండి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. బస్సు వచ్చినా రాలేదు.

ఇక కరెంటు పెట్టరట. అంటే తగ్గినట్టే కదా.


మే 25

పొద్దున్న ఒళ్ళు తుడిచి గౌను మారుస్తుంటే భుజం మీద రఫూని వేలితో తడుముతోంది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు.

"కెప్టెన్ పెళ్ళాం రఫూ బాగా సేసిందే" అంది.

"దొరసానులకి పనేటి, కూసుని కుట్టుకుంటారు."

"మూల దగ్గర దారం తిప్పి ముడి దాసేసింది సూడు. అచ్చం మా బోర్డింగులో సిస్టరు నేర్పినట్టే. నాను పద్నాలుగేళ్ళప్పుడు గుడి గుడ్డలకి ఇలాగే ఏసేదాన్ని."

నేను బొత్తాలు పెడుతున్నాను. బొత్తం చేతిలోంచి జారిపోతోంది.

"గ్రీకు దేశంలో కూడా అదే సిస్టరు నేర్పుంటాది" అన్నాను.

"అయ్యుంటాది" అంది. రఫూ మీంచి వేలు తీసి, "ఆ కెప్టెన్ పెళ్ళాం ఎలా ఉంటాదే?" అని అడిగింది.

చెప్పాను. లావుగా ఉంటుందని, చుట్ట కాలుస్తుందని, కెప్టెన్ని గరిటెతో కొడుతుందని, షిప్పు మీద కోళ్ళు పెంచుతుందని, తుఫానొస్తే కోళ్ళని పరుపు కింద దాస్తుందని. అది కళ్ళు మూసుకుని వింటోంది. ఆపితే "ఊఁ" అంటోంది. ఇంకా చెప్పాను.

రఫూలు అన్నీ ఒకేలా ఉంటాయి. దానికేం తెలీదు.


మే 26

తెలుసు. మొదటి రోజు గుడ్డ ముట్టుకున్నప్పుడే తెలుసు. తెలిసే గుడికి తీసుకెళ్ళమంది. ఆయనకి చూపించి, ఆయన వద్దనలేదని చూసుకుని, అప్పుడు హాయిగా కళ్ళు మూసుకుంది.

లేదు. తెలిసుంటే వేసుకునేది కాదు.


మే 27

తడిసిన గౌను మార్చి పొడిది తొడిగాను. విప్పింది బాల్చీలో పడేశాను. జేబు చూసుకోలేదు. ఫాదర్ వచ్చి నుదుటన, చేతుల్లో నూనె రాసి రోగులకి చేసే అభ్యంగనం చేశారు. నూనె బొట్టు గౌను మీద పడింది. "పరవాలేదు" అన్నారు. ఎవరు అడిగారని.


మే 29

రాయడానికి ఏమీ లేదు.


మే 31

పదిమంది ఆడవాళ్ళు తెల్ల చీర తెచ్చారు. మాలో పోయినవాళ్ళకి తెల్ల చీర కట్టడం పద్ధతి. కొత్తది, మెరుస్తోంది, నైలాను కలిసింది. కట్టనివ్వలేదు. ఒకావిడ "గౌనేటమ్మా, శవానికి గౌనేటి, నలుగురూ నవ్వరా" అంది. నవ్వమన్నాను. నవ్వించే పని ఇన్నాళ్ళూ నేనే చేశాను, ఈరోజు మీరు చెయ్యండన్నాను. నూకాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఆయమ్మకి ఆ గుడ్డే సుఖం. ఇంకో గుడ్డ తెత్తే నాను ఊరుకోను" అంది. పెద్ద ఇళ్ళవాళ్ళు, చేపలావిడ మాటకి వెనక్కి తగ్గారు.

పెట్టెలో పెట్టేటప్పుడు కింది అంచు మడత విడిపోయింది. రెండుసార్లు పక్కలు లోపలికి కుట్టినప్పుడు ఆ కుట్టు తెగినట్టుంది. దారం తీసేసిన సిలువ పైకి కనిపించింది. అందరూ చూశారు. ఫాదర్ వంగి ఆ మడత తిరిగి లోపలికి మడిచి, అరచేత్తో సర్దారు. బల్ల మీద గుడ్డ సర్దినట్టే.

సమాధుల తోటలో అందరూ వెళ్ళాక ఆయన్ని ఆపాను.

"ఫాదర్, నేను దొంగతనం చేశాను."

"ఏం దొంగతనం?"

"మీరు కాల్చమన్నారు. నేను కాల్చలేదు. అందుకే ఇలా అయింది. నాకు శిక్ష వెయ్యండి."

ఆయన మట్టి కుప్ప వైపు చూస్తూ నిలబడ్డారు. ముసలాయన, ఎండకి తల మీద రుమాలు వేసుకున్నారు.

"పాత పీఠం గుడ్డని ఏం చెయ్యాలి?"

"కాల్చాలి."

"లేకపోతే?"

"పాతిపెట్టాలి."

"పాతిపెట్టాంగా" అన్నారు.

ఆ మాట అని, రుమాలు తీసి ముఖం తుడుచుకుని వెళ్ళిపోయారు.


జూన్ 3

మంచి మాట అనుకుని అన్నారు. ఆయన నన్ను తిట్టుంటే బాగుండేది. గుడి మెట్ల మీద అందరి ముందూ నిలబెట్టి దొంగ అనుంటే బాగుండేది. నా మూలానే అయిందంటే ఒక కారణం ఉండేది. రోజూ ఏడవడానికి ఒక పేరు ఉండేది. ఇప్పుడు నేను ఏ తప్పూ చెయ్యలేదు. ఏ తప్పూ లేకుండానే అది పోయింది. ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలి.


జూన్ 4

ఎండ.


జూన్ 9

మా ఆయన నా ముక్కు దగ్గరకి ముక్కుపొడుం డబ్బీ తెచ్చి "మిరియాలు కలపలేదేటే" అన్నాడు. పాపం, నవ్వించడానికే. కలపలేదన్నాను. డబ్బీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.


జూన్ 12

రెండో గౌను బాల్చీలోనే ఉండిపోయింది. నూకాలు చూసి చెప్పింది, బూజు పడతాదమ్మా అని. దీన్నైనా కాల్చాలి. పీఠం గుడ్డే కదా. పద్ధతి పద్ధతే.

జేబు వెతికాను. ఎండు రొయ్య ఉంది. మే 27 పొద్దున్న నేనే పెట్టాను. దానికి దొరకలేదు. రాక్షసీ అనలేదు.


జూన్ 17, ఆదివారం

ఇంకా వాన లేదు. మబ్బు వచ్చి సముద్రం మీదే ఆగిపోతోంది.

ఈరోజు కాల్చేద్దామని గౌను తీశాను. మురికిది కాల్చకూడదు కదా అని ముందు ఉతికాను. మొదటి నీళ్ళు గన్నేరు మొదట్లో పోశాను. పిండి దండెం మీద వేశాను. ఆరాక కాలుస్తాను.

నిన్న కూడా ఇలాగే ఉతికాను. మొన్న కూడా.

పక్క వాటాలోకి కొత్తగా దిగినావిడ గోడ మీంచి చూసింది. గాజువాక నుంచి వచ్చారట, ఇక్కడి సంగతులేవీ తెలీవు.

"ఎవరిదండీ ఆ గౌను? గుడ్డ భలే ఉందే. ఈ ఎండలకి ప్రాణం లేచొస్తాది."

"గ్రీకు షిప్పు కెప్టెన్ పెళ్ళాంది" అన్నాను.

"నిజంగానా? మీ ఇంటికెలా వొచ్చింది?"

నా నోరు ఆగిపోయింది. ఎప్పుడూ ఆగని నోరు. గుమ్మంలో కూర్చుని చేపలు కోస్తున్న నూకాలు కత్తి పక్కన పెట్టింది. గంప నెత్తిన లేదు.

"మా ఆయనే తెప్పలో తెచ్చాడమ్మా" అంది. "ఉతికి ఉంచమంది. మళ్ళీ షిప్పు వచ్చినప్పుడు తీసుకుంటాదంట."